జవాబు తెలుసు, ప్రశ్నే తెలియలేదు

మా అవ్వకు చదువు రాదు. రేషను కార్డు దగ్గర ఇప్పటికీ వేలిముద్రే. అయినా 2021లో జెమిని టీవీలో ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ వచ్చేటప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు జవాబు చెప్పేది ఆమే. రామాయణం ప్రశ్న వచ్చిందంటే నాలుగు ఆప్షన్లు తెర మీదికి రాకముందే చెప్పేసేది. కుర్చీలో కూర్చున్నాయన గడ్డం గోక్కుంటా ఆలోచిస్తా ఉంటే, “ఇంత మాత్రం తెలీదా, పెద్ద చదువు చదివినాడంట” అని అరిచేది. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. అవ్వ పక్కన కూర్చొని చూసి చూసి, నేను కూడా ఒకరోజు అలాంటి కుర్చీలో కూర్చోవాలని అనుకున్నాను. పోయిన సంవత్సరం నిజంగానే కూర్చున్నాను. అది కోటి రూపాయల కుర్చీ కాదు. పిల్లల కోసం ఒక టీవీ వాళ్ళు పెట్టిన క్విజ్. మా బడి నుంచి ముగ్గురం పోయినాము, ఓడిపోయి వచ్చినాము. ఆ తర్వాత ఈ క్విజ్ కార్యక్రమాలను నేను చూసే తీరే మారిపోయింది. ఆ సంగతి రాయమని మా తెలుగు సారు చెప్పినారు.

ముందు ఈ ఆట ఎక్కడిదో చెప్తాను. ఇది మన దేశంలో పుట్టింది కాదు. 1998లో ఇంగ్లండులో ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనేర్’ అని మొదలైంది. 2000 జూలైలో అమితాబ్ బచ్చన్ హిందీలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’గా తెచ్చినారు. తెలుగులో 2014లో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అని మా టీవీలో మొదలుపెట్టినారు, 2017లో చిరంజీవి చేసినారు. 2021లో పేరు కొంచెం తిప్పి జెమినిలో జూనియర్ ఎన్టీఆర్ చేసినారు. తమిళంలో సూర్య, ప్రకాష్‌రాజ్, అరవింద్ స్వామి ఒకరి తర్వాత ఒకరు చేసినారు. ఆడవాళ్ళకు మాత్రమే అని రాధిక ‘కోడీశ్వరి’ చేసినారు. మాది హోసూరు పక్కన కాబట్టి మాకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వస్తాయి టీవీలో. ఒకే ఆటను ఇన్ని భాషల్లో చూసే అదృష్టం హైదరాబాదు పిల్లలకు ఉంటుందో లేదో!

అన్నిట్లోనూ అదే గుండ్రటి వేదిక, అదే నీలం రంగు వెలుతురు, గుండె కొట్టుకున్నట్టు అదే మ్యూజిక్. మనిషి మాత్రమే మారతాడు. అందుకే ఈ కార్యక్రమం బాగుందా లేదా అనేది ముక్కాలు భాగం అడిగే మనిషిని బట్టి ఉంటుందని నా అభిప్రాయం. అమితాబ్ గారు ఎదుటి మనిషి ఎంత చిన్నవాడైనా ‘మీరు’ అంటారు. నాకు హిందీ సరిగా రాదు, అయినా ఆ మర్యాద అర్థమవుతుంది. ఎన్టీఆర్ గారు చాలా కలుపుగోలుగా ఉంటారు, వచ్చినవాళ్ళ భయం రెండు నిమిషాల్లో పోగొడతారు. అయితే కుర్చీలో ఉన్నవాళ్ళు ఎక్కువసేపు ఆయన సినిమాల గురించే మాట్లాడతారు. అది ఆయన తప్పు కాదు. కానీ అరగంట అభిమానానికి పోతే ప్రశ్నలు ఎన్ని మిగులుతాయి? ప్రశ్నలు తక్కువ, కథలు ఎక్కువ అయినప్పుడు నాకు విసుగొస్తుంది. వచ్చినవాళ్ళ కష్టాలు చూపిస్తారు, అప్పు చూపిస్తారు, కింద ఏడుపు మ్యూజిక్ వేస్తారు. అవ్వ కూడా కళ్ళు తుడుచుకుంటుంది. కష్టం నిజమే, కాదనను. అయితే ఒకాయన తన పొలం ఎండిపోయింది అని చెప్పిన వెంటనే, “ఇప్పుడు మీ అయిదో ప్రశ్న” అంటే ఎట్లా ఉంటుంది? ఆ కష్టానికీ ఆ ప్రశ్నకూ సంబంధం ఏమీ ఉండదు. 2008లో వచ్చిన ‘స్లమ్‌డాగ్ మిలియనేర్’ సినిమాలో మాత్రం సంబంధం ఉంది. వికాస్ స్వరూప్ నవల నుంచి తీసిన ఆ సినిమాలో అబ్బాయికి తెలిసిన ప్రతి జవాబూ వాడి బతుకులో ఒక దెబ్బ నుంచి వచ్చిందే. టీవీలో అట్లా జరగడం నేను చూడలేదు.

ఇంకొక సంగతి, డబ్బు నిచ్చెన. హిందీ కార్యక్రమంలో చాలాకాలం వాడిన నిచ్చెనలో 5వ ప్రశ్నకు 10,000, 10వ ప్రశ్నకు 3,20,000 రూపాయలు. ఈ రెండు మెట్లూ గట్టి మెట్లు. అక్కడ నిలబడితే తర్వాత తప్పు చెప్పినా అంతకంటే కిందికి పడరు. 11వది 6,40,000, 12వది 12,50,000, తర్వాత 25 లక్షలు, 50 లక్షలు, కోటి. మాకు పదో తరగతి లెక్కల్లో సంభావ్యత పాఠం ఉంది. ఆ పాఠం అయినాక నేను ఒక లెక్క వేసినాను. 10వ ప్రశ్న దాటినవాళ్ళు 11వ ప్రశ్నకు జవాబు తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పాల్సిందే. తప్పయినా 3,20,000 ఎక్కడికీ పోదు. 6,40,000 చేతిలో ఉండి, ఫిఫ్టీ ఫిఫ్టీ వాడి రెండు ఆప్షన్లు మిగిలినాయి అనుకోండి. సరైతే 12,50,000, తప్పయితే 3,20,000. రెండూ కూడి సగం చేస్తే 7,85,000 వస్తుంది. చేతిలో ఉన్నదానికంటే ఎక్కువే కదా, ఆడాలి. ఆఖరి ప్రశ్న దగ్గర 50 లక్షలు చేతిలో పెట్టుకొని అదే లెక్క వేస్తే 51,60,000 వస్తుంది. కొంచెమే ఎక్కువ. నాలుగు ఆప్షన్లూ మిగిలి ఉంటే 27,40,000 మాత్రమే, అప్పుడు లేచి రావడమే తెలివి.

ఈ లెక్క గొప్పగా అవ్వకు చెప్పినాను. ఆమె విని, “నువ్వు చెప్పేది వంద తూర్లు ఆడేవాళ్ళకు. ఆయమ్మ ఒక్క తూరి కూర్చుంటుంది. సగం ఎక్కడినించి వస్తుంది? వస్తే అంతా వస్తుంది, పోతే అంతా పోతుంది” అనింది. లెక్కల సారుకు ఈ మాట చెప్తే ఆయన చాలాసేపు నవ్వి, మీ అవ్వ చెప్పింది కూడా లెక్కే అన్నారు. అప్పటినుంచి నాకు ఆ కుర్చీలో భయపడి లేచి వచ్చేవాళ్ళను చూస్తే ఎగతాళి చేయాలని అనిపించదు. గెలిచిన డబ్బులో 30 శాతం పన్ను, దాని మీద సెస్సు కూడా పోతుంది, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. కోటి అని తెర మీద వేస్తారు, కోటి ఇంటికి రాదు.

ఇక మా సంగతి. మా ముగ్గురినీ ఒక టెంపోలో పెద్ద ఊరికి తీసుకొని పోయినారు. ఉదయం తొమ్మిదికి పోతే మా ఆట మొదలైంది మధ్యాహ్నం మూడుకు. టీవీలో అరగంట వచ్చేదానికి అయిదు గంటలు తీసినారు. ముందు మొహానికి పౌడరు పూసినారు. నా పక్కనున్న అమ్మాయికి తన రంగు కంటే రెండింతలు తెల్లగా పూసినారు, ఆమె ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత చూడటానికి వచ్చిన పిల్లలందరినీ కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమన్నారు. ఆటే మొదలు కాలేదు, చప్పట్లు దేనికి అని అడిగితే, తర్వాత అతికించుకుంటాము అన్నారు. ఒకసారి నవ్వమన్నారు, ఒకసారి ‘అయ్యో’ అని మొహం పెట్టమన్నారు. ఇప్పుడు టీవీలో ఎవరైనా తప్పు చెప్పినప్పుడు వెనకాల ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుంటే, ఆ చెయ్యి ఈ ప్రశ్నకు పెట్టుకున్నదేనా అని నాకు అనుమానం. పెద్ద కార్యక్రమాల్లో ఎట్లా చేస్తారో నేను చూడలేదు, చూసిన ఒక్కచోట ఇట్లా ఉంది.

నాలుగు బడులు. మిగతా మూడు బడుల వాళ్ళు తమిళం మీడియం, ఇంగ్లీషు మీడియం. మేము ఒక్కరమే తెలుగు మీడియం. ప్రశ్నలు తమిళంలో అడుగుతారు, అవసరమైతే ఇంగ్లీషులో ఒకసారి చెప్తారు అని ముందే చెప్పినారు. మాకు దానికి భయం లేదు. మేము తమిళం ఒక పాఠంగా చదువుతాము, వీధిలో తమిళమే మాట్లాడతాము, బస్సులో తమిళమే చదువుతాము. మొదటి రౌండులో మేమే ముందున్నాము. భారతదేశపు మొదటి భారతీయ గవర్నర్ జనరల్ ఎవరు అని అడిగితే నేను బజర్ ఎంత గట్టిగా కొట్టినానంటే బల్ల కదిలింది. రాజాజీ పుట్టిన తొరపల్లి మా ఊరికి ఎంతో దూరం లేదు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం, మేము అక్కడికి బడి నుంచి పోయినాము కూడా. అడిగే ఆయన ‘సరి’ అని తర్వాతి ప్రశ్నకు పోయినారు. నాకు ఆ ఇంటి సంగతి చెప్పాలని ఉండింది. క్విజ్‌లో అట్లా కుదరదు. పేరు చెప్తే పది మార్కులు. ఆ ఇంటి మెట్ల మీద కూర్చొని పులిహోర తిన్నదానికి మార్కులు లేవు.

ఆఖరి రౌండులో సైన్సు. అడిగే ఆయన కార్డు చూసి గబగబా చదివినారు. నాకు వినిపించింది ‘ఒలిచ్చేర్కై’. అది జరిగేటప్పుడు వెలువడే వాయువు ఏది అని ప్రశ్న. తమిళంలో ‘ఒలి’ అంటే శబ్దం. ‘సేర్కై’ అంటే కలవడం, చేరడం. శబ్దం కలిసేటప్పుడు వాయువు వస్తుందా? మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. నా పక్కనమ్మాయి చెవిలో, “ఏదో పేలుడు అయ్యుంటుంది, పొగ” అనింది. నాకు నవ్వు వచ్చింది, నవ్వే టైమా అది! పక్క బల్లవాళ్ళు బజర్ కొట్టి ‘ఆక్సిజన్’ అన్నారు. పది మార్కులు. అప్పుడు అర్థమైంది. ఆయన చదివింది ‘ఒళిచ్చేర్కై’. ‘ఒళి’ అంటే వెలుగు. వెలుగుతో చేరడం. మన కిరణజన్య సంయోగక్రియ! ఏడో తరగతి నుంచి బొమ్మ గీసి బాణాలు పెట్టి నేర్చుకున్న పాఠం. ‘ల’కీ ‘ళ’కీ మధ్య పది మార్కులు పోయినాయి. ఆ పదితోనే మేము రెండో స్థానం నుంచి మూడో స్థానానికి పోయినాము, పై ఆటకు ఎక్కలేదు.

తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో ముగ్గురం ఆయన్నే తిట్టుకున్నాము. సిటీ వాళ్ళకు ‘ళ’ నోరు తిరగదు, కార్డు తెర మీద వేసి ఉండచ్చు, ఇంగ్లీషులో ఎందుకు చెప్పలేదు అని. వాటిలో నిజం ఉంది. మాట ఒక్కసారి చెవిన పడితే చాలు అనేది ఆ మాట ఇంట్లో, బడిలో రోజూ వినేవాళ్ళకే. అయితే రాత్రి పడుకొని ఆలోచిస్తే నా తప్పు కూడా కనిపించింది. తమిళం నాకు వచ్చు అని ధైర్యంగా చెప్పుకున్నాను. నాకు వచ్చింది అంగడి తమిళం, ఆటల తమిళం, పద్యాల తమిళం. సైన్సు తమిళం కాదు. ఇంగ్లీషులో చెప్పమని చెయ్యి ఎత్తి అడగచ్చు, అడగలేదు. అడిగితే తమిళం రాదు అనుకుంటారని సిగ్గు. పది మార్కుల్లో అయిదు ఆయనవి, అయిదు నా సిగ్గువి అని ఇప్పుడు అనుకుంటాను.

ఇంకొకటి కూడా రాయాలి, ఇది రాస్తే మా సారుకు కోపం వస్తుందేమో. ‘ఒళిచ్చేర్కై’ మంచి మాట. వెలుగు చేరిక. మూడో తరగతి పిల్లకు కూడా సగం అర్థమవుతుంది. ‘కిరణజన్య సంయోగక్రియ’ అనే మాటను నేను బట్టీ పట్టినాను, అర్థం తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆకులోని పచ్చదనానికి వాళ్ళు ‘పచ్చైయం’ అంటారు, మనం ‘పత్రహరితం’ అంటాము. పచ్చ అనే మాట మనకు కూడా ఉంది కదా! తెలుగు మీడియంలో చదివి తెలుగు మాట కంటే పక్క భాష మాట సులభంగా ఉందని తెలుసుకోవడం కొంచెం బాధగానే ఉంది.

మళ్ళీ కార్యక్రమాలకు వస్తాను. నేను చూసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ‘కోడీశ్వరి’లో కౌసల్య గారి ఆట. మదురై ఆమె. వినలేరు, మాట్లాడలేరు. 2020 జనవరిలో ఆమె కోటి రూపాయలు గెలిచినారు. ఆ ఆటను నేను మా ఓటమి తర్వాత ఫోన్‌లో మళ్ళీ చూసినాను. మొదటిసారి చూసినప్పుడు నేను ఆమె తెలివిని మాత్రమే చూసినాను. రెండోసారి కార్యక్రమాన్ని చూసినాను. ప్రశ్న ఆమెకు చేరడానికి ఒక దారి ఏర్పాటు చేసినారు, జవాబు ఆమె నుంచి రావడానికి ఇంకొక దారి. అందుకోసం ప్రశ్నను ఎవరూ సులభం చేయలేదు. ప్రశ్న కష్టంగానే ఉండాలి. కానీ అది కుర్చీలో ఉన్న మనిషి దాకా వచ్చి చేరాలి. మంచి క్విజ్‌కూ మామూలు క్విజ్‌కూ తేడా నాకు అక్కడ కనిపించింది. వేదిక పెద్దదా, డబ్బు ఎంత అన్నవి కాదు.

ఈ కొలతతో చూస్తే పెద్ద కార్యక్రమాల్లో కూడా ఒక లోపం ఉంది. కుర్చీలోకి రాకముందు అందరినీ కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేస్తారు, నాలుగింటిని వరుసలో పెట్టమంటారు. ఎవరు ముందు నొక్కితే వాళ్ళు. అక్కడ తెలిసినవాడు కాదు, తొందరగా చదివేవాడు గెలుస్తాడు. మా అవ్వలాంటివాళ్ళు ఆ మెట్టు ఎన్నటికీ దాటలేరు. రామాయణం అంతా తెలిసినా సరే. ఒకసారి కుర్చీలోకి వచ్చినాక మాత్రం అడిగే మనిషి నిదానంగా చదువుతాడు, తెర మీద అక్షరాలు ఉంటాయి, స్నేహితుడికి ఫోన్ చేయచ్చు, జనాన్ని అడగచ్చు. ఆ మర్యాదంతా గడప దాటినవాళ్ళకే.

సినిమా ప్రశ్నల గురించి మా తరగతిలో పెద్ద వాదన జరిగింది. అవి జ్ఞానమా కాదా అని. మా లెక్కల సారు కాదు అన్నారు. నేను అవును అంటాను, ఎందుకంటే ఏ పాట ఏ సినిమాలోది అనే ప్రశ్న వచ్చినప్పుడే మా అమ్మ కూడా వంటింట్లోనుంచి వచ్చి ఆటలో చేరుతుంది. ఎక్కువైతే మాత్రం కష్టం. ఉప్పు లాగా ఉండాలి.

తెలుగు కార్యక్రమం మీద నాకు ఒక చిన్న అలక ఉంది. ఆ ప్రశ్నలు మా భాషలోనే ఉంటాయి, కానీ మా చోటు గురించి ఉండవు. జిల్లాలు, నదులు, ముఖ్యమంత్రులు అన్నీ ఆంధ్ర, తెలంగాణవి. మాకు తెలిసిన జిల్లా కృష్ణగిరి, తెలిసిన డ్యాము కెలవరపల్లి. నేను చూసినన్ని రోజుల్లో హోసూరు తెలుగువాళ్ళ గురించి గానీ, బళ్ళారి, షోలాపూరు, బరంపురం తెలుగువాళ్ళ గురించి గానీ ఒక్క ప్రశ్న రాలేదు. తెలుగు క్విజ్‌లో ప్రశ్న తెలుస్తుంది, జవాబు తెలియదు. తమిళం క్విజ్‌లో జవాబు తెలుస్తుంది, ప్రశ్న తెలియదు. ఈ మాట నేను అంటే అవ్వ, “అయితే నువ్వే ఒకటి పెట్టు” అనింది.

పెట్టినాము. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పదో తరగతి వాళ్ళం ఆడిస్తాము. డబ్బు లేదు, చప్పట్లు మాత్రం అప్పటికప్పుడు కొట్టినవే. ప్రశ్నను బోర్డు మీద రాసి, కింద తమిళం మాట, ఇంగ్లీషు మాట రాయాలి అనేది నియమం. అందుకోసం ఒక నోటుబుక్కు పెట్టుకున్నాము. సాంద్రత – అడర్తి. వైశాల్యం – పరప్పళవు. గురుత్వాకర్షణ – ఈర్ప్పు విసై. క్షారానికి తమిళంలో ‘కారం’ అని తెలిసిన రోజు తరగతంతా నవ్వినాము, సబ్బులో కారం ఉంటుందంట అని. సంభావ్యతకు ‘నిగళ్తగవు’. మనకు తగవు అంటే జగడం కదా, అందుకని ఆ మాట ఎవరూ మరిచిపోలేదు. నోటుబుక్కులో మొదటి పేజీ మాత్రం ‘ఒలి’, ‘ఒళి’. వాటిని నేను ఎర్ర ఇంకుతో రాసినాను.

అదే టీవీ వాళ్ళు ఈ సంవత్సరం కూడా జట్టును పంపమని ఉత్తరం రాసినారంట. మాకు పరీక్షలు కాబట్టి తొమ్మిదో తరగతి వాళ్ళు పోతున్నారు. నోటుబుక్కు వాళ్ళకు ఇచ్చినాము. అర్థం కాకపోతే చెయ్యి ఎత్తి ఇంగ్లీషులో చెప్పమని అడగండి అని కూడా చెప్పినాను. అందులో ఒక పిల్ల, “తెలుగులో చెప్పమని అడిగితే ఏమక్కా?” అనింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. అడిగి చూడమని చెప్పినాను.